గిల్డ్ వార్స్ 2 మొదలుపెట్టే ముందు పాత గిల్డ్ వార్స్ ఆడాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఎరీనానెట్ కంపెనీ ఆన్‌లైన్ గేమ్ గిల్డ్ వార్స్ 2లోకి కొత్తగా వచ్చేవాళ్లలో చాలామందికి ఒకటే సందేహం. పేరు పక్కన 2 ఉంది కదా, మరి మొదటిది ఆడకుండా వస్తే ఏమైనా పోగొట్టుకుంటామా? నాకు రెండు గేమ్‌లూ ఇష్టం, పాతదంటే ఇంకాస్త ఎక్కువ ఇష్టం. అందుకే "అక్కర్లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేయడానికి మనసు ఒప్పదు. అలాగని "మొత్తం పూర్తిచేసి రండి" అని ఎవరికీ చెప్పను. అలా చెబితే పాత గేమ్‌ని హోంవర్క్ చేసినట్టే, అది ఆ గేమ్‌కి అన్యాయం.

పాత గేమ్ తొలి గంటల్లో జరిగే పెద్ద సంఘటన గురించి ఇక్కడ దాచకుండా రాశాను. రెండో గేమ్ ఆ శిథిలాల మీదే నిలబడి ఉంది కాబట్టి దాన్ని దాచి ఈ విషయం మాట్లాడలేం. క్యాంపెయిన్ల (విడివిడిగా ఆడే పెద్ద కథల) ముగింపులు మాత్రం ఎక్కడా బయటపెట్టలేదు.

సూటిగా చెప్పండి. ముందు పాతది ఆడాలా, వద్దా?

మొత్తం ఆడక్కర్లేదు. మొదటి భాగం, అంటే ప్రీ-సియరింగ్ అస్కలాన్ ఒక్కటి ఆడండి. కొన్ని సాయంత్రాలు కేటాయిస్తే చాలు. అది అయ్యాక మీకే తెలుస్తుంది, పాతదానిలోనే ఉండిపోవాలా, 2కి వెళ్లాలా అని. 2కి వెళ్లిపోయినా ఫర్వాలేదు, మిగిలిన పాత కథకి ఎప్పుడైనా తిరిగి రావచ్చు.

ఆ కొన్ని సాయంత్రాలు కూడా కుదరకపోతే నేరుగా 2 మొదలుపెట్టండి. ఆ గేమ్ మిమ్మల్ని కొత్తవాళ్లుగానే చూస్తుంది.

పాతది ఆడకపోతే కథ అర్థం కాదా?

అర్థమవుతుంది. రెండు గేమ్‌ల మధ్య దాదాపు 250 ఏళ్ల దూరం ఉంది. టైరియా లోకంలోని కాలెండర్ ప్రకారం పాత గేమ్ కథ 1070 ప్రాంతంలో మొదలవుతుంది, 2 కథ 1325లో. పాత కథలోని మనుషులంతా ఎప్పుడో చనిపోయారు. రాజ్యాలు మారాయి, నదులూ తీరాలూ కూడా మారాయి. అప్పటి శత్రువులు ఇప్పుడు పొరుగువాళ్లు. 2లో మీరు నడిపే పాత్రకు కూడా పాత సంగతులు చరిత్రగానే తెలుసు, కాబట్టి మీకూ అంతే తెలిస్తే సరిపోతుంది. 2లో అసలు కథ పెద్ద డ్రాగన్ల మీద. దానికి కావాల్సిన వివరాలన్నీ ఆ గేమే చెబుతుంది.

అర్థం కావడం వేరు, మనసుకు తగలడం వేరు. తేడా అక్కడే వస్తుంది.

ప్రీ-సియరింగ్ అంటే ఏమిటి? దాన్ని అంత గట్టిగా ఎందుకు సిఫార్సు చేస్తున్నారు?

పాత గిల్డ్ వార్స్‌లో మొదటి క్యాంపెయిన్ ప్రాఫెసీస్. అందులో మీరు అస్కలాన్ అనే మానవ రాజ్యంలో ఒక మామూలు యువకుడిగానో యువతిగానో మొదలవుతారు. పచ్చటి కొండలు, తోటలు, వాగులు, మఠం, చిన్న చిన్న గ్రామాలు. ఉత్తరాన ఒక పెద్ద గోడ. గోడ అవతల చార్ అనే జాతి, చూడటానికి కొమ్ములున్న పెద్ద పులుల్లా ఉంటారు. గోడ ఇవతల మాత్రం జీవితం ప్రశాంతంగా సాగుతూ ఉంటుంది. మీ పనులు కూడా చిన్నవే. దారి తప్పినవాళ్లను ఇంటికి చేర్చడం, తోటలో పడ్డ పురుగుల్ని చంపడం, ఒక గురువు దగ్గర కొత్త స్కిల్ నేర్చుకోవడం.

గ్వెన్ అనే చిన్న పిల్ల మీ వెంట పడి తిరుగుతుంది. ఎర్ర ఐరిస్ పువ్వులు తెచ్చి ఇస్తే మురిసిపోతుంది. ఆ పిల్లని గుర్తుపెట్టుకోండి.

కొన్నాళ్లకు మీరు సైన్యంలో చేరడానికి సిద్ధమని చెబుతారు. అప్పుడు గేమ్ ఒక హెచ్చరిక ఇస్తుంది: ఇక్కడి నుంచి వెళితే మళ్లీ వెనక్కి రాలేరు. అది నిజమే. చార్ మంత్రబలంతో ఆకాశం నుంచి నిప్పులు కురిపిస్తారు. దాన్నే సియరింగ్ అంటారు. తర్వాత మీరు కళ్లు తెరిచేసరికి రెండేళ్లు గడిచిపోయి ఉంటాయి. అదే మ్యాప్, అవే దారులు, కానీ చెట్టు లేదు, నీరు లేదు. నేలంతా కాలిపోయి ఎర్రగా, బూడిదగా మారిపోయింది. మీకు పాఠాలు చెప్పినవాళ్లలో కొందరు ఇక లేరు.

ఇంత ధైర్యంగా మొదలయ్యే ఆన్‌లైన్ గేమ్ నేను ఇంకోటి చూడలేదు. ఆటగాడు ఇష్టపడ్డ చోటుని అతని కళ్లముందే తీసేసుకుని, తిరిగి ఇవ్వకుండా కథ నడపాలంటే తెగువ కావాలి. ఈ భాగాన్ని వీడియోలో చూస్తే ఆ బాధ రాదు. ఆ దారుల్లో మీరే తిరిగి ఉండాలి, ఏ వంతెన ఎక్కడుందో మీ చేతులకి అలవాటై ఉండాలి. అందుకే తొందరపడకండి. మ్యాప్ మొత్తం తిరగండి, ప్రతి గురువునీ కలవండి.

ప్రీ-సియరింగ్ వదిలి వెళ్లడానికి ఇష్టంలేక అక్కడే ఉండిపోయే ఆటగాళ్లు కూడా ఉన్నారు. అక్కడే ఉండి లెవెల్ 20 చేరితే 'లెజెండరీ డిఫెండర్ ఆఫ్ అస్కలాన్' అనే బిరుదు వస్తుంది. అక్కడి శత్రువులు చాలా బలహీనులు, వాళ్లని చంపినా లెవెల్ నెమ్మదిగానే పెరుగుతుంది కాబట్టి అది ఓపికతో చేయాల్సిన పని. మొదటిసారి ఆడేవాళ్లు దాని జోలికి పోవద్దు.

అది ఆడి 2కి వెళితే ఏం కనిపిస్తుంది?

2లో చార్ జాతి పాత్రతో మొదలుపెడితే మీరు నిలబడేది ప్లెయిన్స్ ఆఫ్ ఆష్‌ఫోర్డ్‌లో. అది పాత అస్కలాన్ నేలే. రెండున్నర శతాబ్దాల్లో గడ్డి మళ్లీ మొలిచింది. ఆష్‌ఫోర్డ్ మఠం శిథిలాలు కనిపిస్తాయి, అస్కలాన్ నగరం శిథిలాలు కనిపిస్తాయి. మధ్యలో దయ్యాలు తిరుగుతుంటాయి. వాటికి తాము చనిపోయామని తెలియదు, ఇంకా యుద్ధం చేస్తూనే ఉంటాయి. 1090లో నగరం చార్ చేతికి పోతుందని తేలిపోయినప్పుడు రాజు అడెల్‌బర్న్ చేసిన పని అది. తన ప్రజలందరినీ దయ్యాలుగా మార్చేసిన ఆ మంటను ఫోఫైర్ అంటారు. 2లో మొట్టమొదటి డంజన్ (చిన్న జట్టుతో ఆడే ప్రత్యేక సవాలు) అయిన అస్కలోనియన్ క్యాటకూంబ్స్‌లో కథ చివర ఎదురయ్యేది ఆ రాజే. పాత గేమ్ ఆడని వాళ్లకి అతను ఒక బాస్. ఆడిన వాళ్లకి ఒకప్పటి తమ రాజు.

రిట్‌లాక్ బ్రిమ్‌స్టోన్ అనే చార్ యోధుడు 2లో ముఖ్య పాత్ర. అతని చేతిలో మండే కత్తి పేరు సోహోథిన్. పాత గేమ్‌లో అది అస్కలాన్ యువరాజు రూరిక్ కత్తి. ఆ రూరిక్ కిందే మీరు సైన్యంలో చేరతారు. అది చార్ నడుముకి వేలాడటం చూసినప్పుడు కలిగే చిరాకు, ఆ తర్వాత రిట్‌లాక్ మెల్లగా నచ్చడం, ఇవి పాత గేమ్ ఇచ్చే కానుకలు.

గ్వెన్ సంగతి. పాత గేమ్ ఎక్స్‌పాన్షన్ (తర్వాత వచ్చిన అదనపు భాగం) ఐ ఆఫ్ ది నార్త్‌లో ఆమె పెద్దదై, చార్ మీద తీరని కోపంతో, ఎబన్ వాన్‌గార్డ్ అనే దళంలో పోరాడుతూ కనిపిస్తుంది. పువ్వుల కోసం మీ వెంట తిరిగిన పిల్ల అలా కనిపిస్తే ఎలా ఉంటుందో చెప్పలేను. 2లో మరో ముఖ్య పాత్ర లోగన్ థాకరీ ఆమె వంశంలోనివాడే. లోగన్‌కీ రిట్‌లాక్‌కీ మధ్య ఉన్న గొడవ, స్నేహం అన్నిటి వెనకా ఈ పాత చరిత్ర ఉంది.

ఇంకా చాలా ఉన్నాయి, కొన్ని పైపైన చెబుతాను. లయన్స్ ఆర్చ్ పాత గేమ్‌లో క్రైటా రాజ్యపు పెద్ద నగరం. జైతాన్ అనే డ్రాగన్ లేచి, మునిగిపోయిన ఓర్ ద్వీపకల్పాన్ని పైకి తెచ్చినప్పుడు వచ్చిన అలలకు అది మునిగింది. 2లో కనిపించేది ఆ తర్వాత కట్టిన నగరం. 2లో మంచు కొండల్లో 'సన్స్ ఆఫ్ స్వానిర్' అనే ముఠాని కొడుతూ ఉంటారు కదా, ఆ స్వానిర్ ఎవరో, అతని సోదరి జోరా ఎవరో ఐ ఆఫ్ ది నార్త్‌లో తెలుస్తుంది. పాతదానిలో ఊళ్ల నిండా ఉండే డ్వార్ఫ్‌లు 2లో దాదాపు మాయం. కారణం కూడా అక్కడే. మొక్కల్లాంటి సిల్వారీ జాతి పాత గేమ్‌లో లేదు, కానీ వాళ్లు పవిత్రంగా చూసే శిలాఫలకం రాసిన వెంటారి అనే సెంటార్‌ని (సగం మనిషి, సగం గుర్రం) ప్రాఫెసీస్‌లో మీరే కలుస్తారు.

ఆట తీరు ఒకటేనా? పాతది నేర్చుకుంటే 2లో పనికొస్తుందా?

ఒకటి కాదు, పెద్దగా పనికిరాదు. ఇది ముందే తెలుసుకోవడం మంచిది. 2 ఆడి పాతదానికి వచ్చినవాళ్లు మొదటి పది నిమిషాల్లో పెట్టే కంప్లైంట్ "దూకడం లేదేంటి?" అనే. అవును, పాత గేమ్‌లో మీ పాత్ర దూకదు, ఈదదు. చిన్న గట్టు అడ్డం వస్తే చుట్టూ తిరిగి రావాల్సిందే. 2లో దూకొచ్చు, ఈదొచ్చు, దెబ్బ తప్పించుకోవడానికి పక్కకు దొర్లొచ్చు, తర్వాత గాల్లో ఎగరొచ్చు కూడా.

పాత గేమ్‌లో ఊళ్లలో మాత్రమే ఇతర ఆటగాళ్లు కనిపిస్తారు. ఊరి గేటు దాటగానే ఆ ప్రాంతం మీ పార్టీకి మాత్రమే సొంతమైన కాపీగా తెరుచుకుంటుంది. అందుకే దాన్ని మామూలు ఎంఎంఓ (ఒకే లోకంలో వేలమంది కలిసి ఆడే గేమ్) అనడానికి కొందరు ఒప్పుకోరు. 2 అలా కాదు. బయట మైదానాల్లో అందరూ కలిసే తిరుగుతారు, ఎక్కడైనా పోరాటం జరుగుతుంటే ఎవరైనా వచ్చి చేయి వేయొచ్చు, దొరికే వస్తువుల్లో వాటా తగ్గదు.

పాతదానిలో గరిష్ఠ లెవెల్ 20. అది త్వరగానే వస్తుంది, అసలు ఆట ఆ తర్వాతే. వెయ్యికి పైగా స్కిల్స్ ఉన్నాయి, ఊరు దాటేముందు వాటిలో ఎనిమిదే ఎంచుకుని బయల్దేరాలి. ఎనిమిదిలో ఎలైట్ (ప్రత్యేకమైన, బలమైన) స్కిల్ ఒకటే ఉండాలి. మంచి ఎలైట్ స్కిల్ కావాలంటే దాన్ని వాడే బాస్‌ని వెతికి, చంపి, అక్కడికక్కడే నేర్చుకోవాలి. పది వృత్తులున్నాయి, ఒకటి మీ అసలు వృత్తి, ఇంకోటి జతగా తీసుకోవచ్చు. వారియర్‌కి మంత్రాలు, నెక్రోమాన్సర్‌కి వైద్యం, ఏదైనా కలిపి చూడొచ్చు. బిల్డ్ (మీరు ఎంచుకున్న స్కిల్స్ కలయిక) పనిచేయకపోతే ఊరికి వెళ్లి, ఖర్చు లేకుండా మార్చేసుకుని మళ్లీ రావచ్చు. ఇలా కూర్చుని ఆలోచించడం ఇష్టపడేవాళ్లకి ఈ గేమ్ 2 కంటే బాగా నచ్చుతుంది. అలాంటివాళ్లకి నా సలహా వేరు: పాతది ముందు ఆడండి, మొత్తం ఆడండి, 2 గురించి తర్వాత చూద్దాం.

2లో లెవెల్స్ 80, వృత్తులు తొమ్మిది. అక్కడ మీ స్కిల్స్‌లో సగం చేతిలోని ఆయుధాన్ని బట్టి వస్తాయి. చేతివేగం, సమయం, ఎక్కడ నిలబడ్డామన్నది ముఖ్యం. పాతదానిలో గెలుపు చాలావరకు ఊరు దాటకముందే ఖాయమవుతుంది.

పాత గేమ్‌లో ఇప్పటికీ మనుషులున్నారా? ఒక్కడినే ఆడగలనా?

ఉన్నారు. ఎలోనా ఖండంలోని కమదాన్ నగరం ఇప్పటికీ సంత. ఎప్పుడు వెళ్లినా అమ్మకాలు, కొనుగోళ్ల కేకలు వినిపిస్తాయి. ప్రీ-సియరింగ్‌లో కూడా జనం కనిపిస్తారు. పార్టీ కట్టడానికి మాత్రం మనుషుల కోసం వెతకాల్సిన పనిలేదు. హెంచ్‌మెన్ అనే కంప్యూటర్ సైనికులు మొదటి నుంచీ ఉన్నారు. 2006లో వచ్చిన నైట్‌ఫాల్ క్యాంపెయిన్ హీరోలనే కంప్యూటర్ సహచరులను తెచ్చింది. వాళ్ల స్కిల్స్, ఆయుధాలు అన్నీ మీరే నిర్ణయించవచ్చు. 2011 నుంచి ఏడుగురు హీరోలతో పూర్తి పార్టీ కట్టుకోవచ్చు. దాంతో గేమ్ దాదాపు మొత్తం ఒక్కరే ఆడేయొచ్చు. ఆటగాళ్ల మధ్య జరిగే పోటీలు మాత్రం ఒకప్పటి సందడితో లేవు. వాటి కోసమే రావద్దు.

ఏ క్యాంపెయిన్‌తో మొదలుపెట్టాలి?

పాత గేమ్‌లో మూడు క్యాంపెయిన్లున్నాయి. ప్రాఫెసీస్ 2005 ఏప్రిల్‌లో, ఫ్యాక్షన్స్ 2006 ఏప్రిల్‌లో, నైట్‌ఫాల్ 2006 అక్టోబర్‌లో వచ్చాయి. ఐ ఆఫ్ ది నార్త్ అనే ఎక్స్‌పాన్షన్ 2007 ఆగస్టులో వచ్చింది. మూడు క్యాంపెయిన్లూ విడివిడి కథలు, దేనితోనైనా మొదలుపెట్టొచ్చు. ఐ ఆఫ్ ది నార్త్‌కి మాత్రం ముందుగా ఏదో ఒక క్యాంపెయిన్‌లో పాత్ర ఉండాలి.

ఆటతీరు నేర్పించడంలో నైట్‌ఫాల్ మెరుగు, హీరోలు కూడా మొదట్లోనే వస్తారు. అందుకే చాలామంది అనుభవజ్ఞులు కొత్తవాళ్లని అక్కడికి పంపుతారు. 2 కోసం ఆడేవాళ్లకి నేను ఆ సలహా ఇవ్వను. ప్రాఫెసీస్‌తోనే మొదలుపెట్టండి. అది నెమ్మదిగా సాగుతుంది, మధ్యలో కొంత సాగదీత కూడా ఉంది, 25 మిషన్లున్నాయి. కానీ అస్కలాన్, క్రైటా, మంచు కొండలు, ఎడారి, అన్నీ 2 మొదటి మ్యాప్‌లతో, ఎక్స్‌పాన్షన్లతో ముడిపడి ఉన్నవే.

క్రైటా చేరాక విసుగొస్తే ఐ ఆఫ్ ది నార్త్‌కి దూకేయండి. 2లో మీరు ఆడగల జాతుల్లో నోర్న్‌లు, అసురాలు మొదటిసారి కనిపించేది అక్కడే. చార్‌లో కూడా మంచివాళ్లున్నారని పైర్ ఫియర్స్‌షాట్ ద్వారా తెలిసేది అక్కడే. 2కి అసలైన వంతెన అదే. సమయం తక్కువుంటే ప్రీ-సియరింగ్, ఐ ఆఫ్ ది నార్త్, ఈ రెండూ చాలు.

ఫ్యాక్షన్స్, నైట్‌ఫాల్ విషయంలో తొందర అవసరం లేదు. ఫ్యాక్షన్స్ జరిగే కాంథా ఖండానికి 2లో ఎండ్ ఆఫ్ డ్రాగన్స్ ఎక్స్‌పాన్షన్ 2022లో తీసుకెళ్లింది. నైట్‌ఫాల్ జరిగే ఎలోనాకి 2017లో పాత్ ఆఫ్ ఫైర్ తీసుకెళ్లింది. కాబట్టి ఫ్యాక్షన్స్‌ని ఎండ్ ఆఫ్ డ్రాగన్స్‌కి ముందు, నైట్‌ఫాల్‌ని పాత్ ఆఫ్ ఫైర్‌కి ముందు ఆడితే చక్కగా కుదురుతుంది. పలావా జోకో అనే పాత్ర కోసమైనా నైట్‌ఫాల్ ఆడాలి. ఫ్యాక్షన్స్ 13 మిషన్లే కాబట్టి త్వరగా అయిపోతుంది.

హాల్ ఆఫ్ మాన్యుమెంట్స్ రివార్డుల కోసం పాతది ఆడొచ్చా?

పాత గేమ్‌లో మీరు సాధించినవాటిని ఐ ఆఫ్ ది నార్త్‌లోని హాల్ ఆఫ్ మాన్యుమెంట్స్‌లో భద్రపరిస్తే, వాటికి పాయింట్లు వస్తాయి. రెండు గేమ్‌ల అకౌంట్లు లింక్ చేస్తే ఆ పాయింట్లకి 2లో ఆయుధాల రూపాలు, కవచాలు, పెంపుడు జంతువులు, బిరుదులు దొరుకుతాయి. మొత్తం 50 పాయింట్లు. వస్తువులన్నీ 30 పాయింట్లలోపే వచ్చేస్తాయి, ఆపైన బిరుదులే.

మొదటి కొన్ని పాయింట్లు తేలిక. ఒక హీరో విగ్రహం, ఒక కవచం, ఒక ఆయుధం, ఒక బొమ్మ పెడితే చాలు, లెక్క కదులుతుంది. 30కి చేరడం మాత్రం నెలల తరబడి సాగే పని. పాత గేమ్ మీద ప్రేమ లేకుండా రివార్డుల కోసమే దిగితే విసుగు తప్పదు. ఆ రూపాల కంటే అందమైనవి 2లోనే బోలెడున్నాయి. కథ కోసం ఆడుతూ దారిలో దొరికిన పాయింట్లు తీసుకోండి.

ఒక జాగ్రత్త: రివార్డులు ముఖ్యమనుకుంటే 2 అకౌంట్ తెరిచే ముందే, ముఖ్యంగా స్టీమ్ ద్వారా తెరిచే ముందు, పాత అకౌంట్‌తో లింక్ అవుతుందో లేదో ఎరీనానెట్ సపోర్ట్ పేజీలో చూసుకోండి. తర్వాత తెలిసి బాధపడటం కంటే అది నయం.

2005 నాటి గ్రాఫిక్స్ భరించగలమా?

మనుషుల బొమ్మలు, కదలికలు పాతగానే ఉంటాయి. ప్రకృతి దృశ్యాలు మాత్రం ఇప్పటికీ చూడముచ్చటగా ఉంటాయి, ఎందుకంటే వాటిని గీసినవాళ్లు రంగుల మీదా వెలుతురు మీదా నమ్మకం పెట్టారు. 2018లో దూరపు దృశ్యాలు మరింత స్పష్టంగా కనిపించేలా ఒక అప్‌డేట్ వచ్చింది. 2025 డిసెంబర్‌లో రీఫోర్జ్డ్ పేరుతో కొత్త మెరుగులు దిద్ది, కంట్రోలర్‌తో కూడా ఆడే వీలు కల్పించారు. ఇరవై ఏళ్లు దాటిన గేమ్‌ని దాని సొంత కంపెనీ మళ్లీ చేతుల్లోకి తీసుకోవడం అరుదు. మామూలు కంప్యూటర్‌లో కూడా హాయిగా నడుస్తుంది.

రెండిటికీ నెలనెలా డబ్బు కట్టాలా?

రెండిటికీ నెలసరి చందా లేదు. మొదటి రోజు నుంచీ ఎరీనానెట్ పద్ధతి ఇదే. కొన్ని నెలలు వదిలేసి వచ్చినా నష్టం లేదు. రెండూ పక్కపక్కనే ఆడుకోగలిగేది కూడా అందుకే. 2లో మొదటి కథ 2015 నుంచి ఉచితం, కాబట్టి అది మీకు పడుతుందో లేదో ఖర్చు లేకుండా చూసుకోవచ్చు.

ఫ్రెండ్స్ అందరూ ఇప్పటికే 2లో ఉన్నారు. నన్ను రమ్మంటున్నారు.

వెళ్లండి. ఆన్‌లైన్ గేమ్‌లో తోడు దొరకడం కంటే గొప్ప విషయం లేదు. పాత గేమ్ ఎక్కడికీ పోదు, పైగా హీరోలతో ఒంటరిగా ఆడుకోవచ్చు కదా. వాళ్లు ఆన్‌లైన్‌లో లేని సాయంత్రాలు ప్రీ-సియరింగ్‌లో తిరగండి.

2లో లెవెల్ 80 అయిపోయాను. ఇప్పుడు పాతది ఆడితే ఆసక్తి ఉంటుందా?

ఉంటుంది, ఇంకో రకంగా ఉంటుంది. ముందు పాతది ఆడినవాళ్లు 2లో శిథిలాలు చూసి "అయ్యో, ఇది అదే కదా" అనుకుంటారు. మీరు ఆ ఊళ్లు నిండుగా ఉన్నప్పుడు చూసి "ఇది నిలవదు" అని తెలిసే తిరుగుతారు. గ్వెన్ పువ్వులు అడిగినప్పుడు ఆమె ఏమవుతుందో మీకు తెలుసు. ఆ తెలియడం కథని పాడుచేయదు, బరువు పెంచుతుంది.

ఇబ్బంది అంతా చేతులతోనే. 2లో పరుగు, దొర్లుడు, ఎగురుడు అలవాటయ్యాక పాతదాని నెమ్మది మొదట్లో టెన్షన్ పెడుతుంది. రెండు మూడు సాయంత్రాలు ఓపిక పట్టండి. స్కిల్ బార్‌లో మీరు సొంతంగా కనిపెట్టిన కలయిక ఒకటి పనిచేసిన రోజు ఆ ఇబ్బంది మర్చిపోతారు.

కథంతా వీడియోల్లో చూసేస్తే సరిపోదా?

కథ తెలియడానికి సరిపోతుంది. ఫ్యాక్షన్స్, నైట్‌ఫాల్ ఆడే సమయం లేకపోతే వీడియోలే చూడమంటాను. అస్కలాన్ విషయంలో మాత్రం వద్దు, కారణం పైన చెప్పాను.

ఇదే సలహా వేరే గేమ్‌లకి కూడా వర్తిస్తుందా?

చాలావాటికి వర్తించదు, ప్రతి జంట పద్ధతీ వేరు. ఫైనల్ ఫాంటసీ 11, 14 రెండూ ఆన్‌లైన్ గేమ్‌లే అయినా లోకాలే వేరు, ఒకటి వానాడీల్, ఇంకోటి ఎయోర్జియా. పదకొండు ఆడి పద్నాలుగుకి వెళ్లాల్సిన పనే లేదు. ఎవర్‌క్వెస్ట్ 1999లో, ఎవర్‌క్వెస్ట్ 2 2004లో వచ్చాయి. అక్కడ కూడా గిల్డ్ వార్స్ లాగే రెండోది పాత లోకపు సుదూర భవిష్యత్తులో జరుగుతుంది, రెండూ బతికే ఉన్నాయి, కాబట్టి ఎంపిక మీది.

కొన్ని చోట్ల అసలు ఎంపికే ఉండదు. ప్లానెట్‌సైడ్ 2 2012లో వచ్చింది, మొదటి ప్లానెట్‌సైడ్ సర్వర్లు 2016లో మూసేశారు. ఓవర్‌వాచ్ 2 2022లో వచ్చినప్పుడు పాత ఓవర్‌వాచ్ ఆగిపోయింది. డెస్టినీ 2 అయితే తన మొదటి కథ రెడ్ వార్‌ని 2020లో తీసేసింది. గిల్డ్ వార్స్ 2కి కూడా ఈ మచ్చ ఉంది. 2013లో వచ్చిన లివింగ్ వరల్డ్ (భాగాలుగా విడుదలయ్యే కథ) మొదటి సీజన్ అప్పటికప్పుడు వచ్చి పోయే కథలా నడిచింది. తర్వాత చేరినవాళ్లకి ఆ లోటు ఏళ్ల తరబడి ఉండిపోయింది, 2022లో గానీ అది శాశ్వతంగా తిరిగి రాలేదు.

పాత గిల్డ్ వార్స్‌లో కొత్త కథలు 2013లో ఆగినా సర్వర్లు ఆపలేదు. ప్రాఫెసీస్‌లోని మొదటి గ్రామం నుంచి చివరి మిషన్ దాకా అన్నీ ఉన్నాయి. ఆన్‌లైన్ గేమ్‌లలో ఇది తేలిగ్గా దొరికే అదృష్టం కాదు. "ఇంకో ఏడాది చూద్దాం" అనుకునేవాళ్లకి నేను చెప్పేది ఇదొక్కటే: కనీసం ప్రీ-సియరింగ్‌నైనా వాయిదా వేయకండి.

ప్రీ-సియరింగ్ అయ్యింది, 2కి వస్తున్నాను. ఏ జాతి ఎంచుకోవాలి?

ఐదు జాతులున్నాయి: మానవులు, చార్, నోర్న్, అసురా, సిల్వారీ. మీరు అస్కలాన్ కాలిపోవడం చూసి వచ్చారు కాబట్టి చార్ తీసుకోండి. ఇది చాలామందికి వింతగా అనిపిస్తుంది, కొందరికి కోపం కూడా వస్తుంది. కానీ ఆ నేల మనుషులు రాకముందు చార్‌దే. మనుషులే వాళ్లని తరిమేసి అక్కడ రాజ్యం కట్టుకున్నారు. పాత గేమ్‌లో ఆ మాట చెప్పేవాళ్లు దాదాపు ఎవరూ లేరు. నిప్పులు కురిపించిన మంత్రగాళ్ల ఫ్లేమ్ లీజియన్‌ని ఇప్పుడు చార్‌లో మిగతా వాళ్లంతా అసహ్యించుకుంటారు. ఆ సంగతంతా వాళ్ల నోటే వినాలి.

మొదలుపెట్టాక చార్ రాజధాని బ్లాక్ సిటడెల్ దాకా వెళ్లండి, అది అస్కలాన్‌లోని రిన్ నగరపు శిథిలాల మీద కట్టింది. లెవెల్ 30కి అస్కలోనియన్ క్యాటకూంబ్స్ కథ తెరుచుకుంటుంది. అప్పటిదాకా ఆగి, తెలిసినవాళ్లెవరైనా తోడొస్తే కలిసి ఆడండి.

చార్‌గా ఆడటానికి మనసు ససేమిరా అంటే మానవుల్ని ఎంచుకోండి, క్వీన్స్‌డేల్‌లో మొదలవుతారు. అప్పుడు కనిపించేది క్రైటా, లోగన్ థాకరీ త్వరగా పరిచయమవుతాడు. అస్కలాన్ వారసులు ఇంకా పట్టువదలకుండా నిలబెట్టుకున్న ఎబన్‌హాక్ కోటకి డివినిటీస్ రీచ్ నగరం నుంచి నేరుగా అసురా గేట్ (క్షణంలో దూరపు చోటికి చేర్చే ద్వారం) ఉంది. లెవెల్ ఎంతైనా ఆ గేటు గుండా వెళ్లొచ్చు. కోట గోడల లోపల తిరగడానికి ప్రమాదం లేదు, బయటికి వెళ్లడానికి మాత్రం లెవెల్ పెరిగేదాకా ఆగండి.